వేరు మాది, కాయ వాళ్ళది

మా నాయన, మా పెద్దనాయన వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు ఇల్లు పంచారు, గిన్నెలు గంగాళాలు పంచారు, చివరికి నానమ్మను కూడా పంచారు. నెల అక్కడ, నెల ఇక్కడ. అన్నిటికంటే తొందరగా తేలింది వెనక దొడ్డి. మేస్త్రీ వచ్చి తూర్పు నుంచి పడమరకు సున్నంతో గీత గీశాడు. పెద్దవాడికి దక్షిణం, చిన్నవాడికి ఉత్తరం అన్నది మా దిక్కు ఎప్పటినుంచో ఉన్న లెక్కే కాబట్టి దాని మీద ఎవరూ వాదన పెట్టుకోలేదు. 1988 ఎండాకాలంలో ఆ గీత మీద ఆరడుగుల గోడ లేచింది.

ఇల్లు నల్లగొండలో, రామగిరి దిక్కు. గూన పెంకల పాత ఇల్లు. వేరుపడక ముందు దొడ్డి అంటే పిల్లలం ఉరికి ఉరికి అలిసిపోయేంత జాగా. ఒక మూల జామచెట్టు, ఇంకో మూల చేదబావి, నడుమ వడ్లు ఎండబోసే చోటు. గోడ లేచాక జామచెట్టు, బావి అటు పోయాయి. మా పాలికి వచ్చింది స్నానాల గది, గిన్నెలు తోమే బండ, ఆ రెండింటి నీళ్ళు పోయే చిన్న కాలువ, పది అడుగుల వెడల్పుతో పొడుగ్గా ఒక పట్టీ. ఆ పట్టీలో కూడా సగానికి పైగా షాబాద్ బండలు పరిచి ఉండేవి. మట్టి కనిపించేది కాలువ పక్కన మాత్రమే. మూడు దిక్కులా గోడలు, నాలుగో దిక్కు ఇల్లు. దాన్ని దొడ్డి అనడానికి అమ్మకు నోరు రాలేదు. చాలా కాలం ‘ఆ సందు’ అనే అనేది.

పంపకంలో అన్యాయం జరిగిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. బావి ఉన్న దిక్కుకు ధర ఎక్కువ కట్టి, ఆ మేరకు మా నాయనకు కొంత రొక్కం ఇప్పించారని తర్వాత విన్నాను. ఆ రొక్కం సైకిల్ షాపులోకి పోయింది. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర నాయనకు సైకిల్ టాక్సీ ఉండేది. గంటకు ఇంత అని సైకిళ్ళు కిరాయికి ఇచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు, వంకరపోయిన రిమ్ములు సరిచేసేవాడు. మా సందులో పాకిన ప్రతి తీగకూ ఆ షాపు సామాను ఏదో ఒకటి ఆధారమైంది కాబట్టి ఈ ముచ్చట ముందే చెబుతున్నాను.

అంతా మొదలైంది ఆపిల్ పెట్టెలతో. అప్పట్లో ఆపిల్ పండ్లు పలచటి చెక్క పెట్టెల్లో వచ్చేవి. పండ్లు అయిపోయాక ఖాళీ పెట్టెలను ప్రకాశం బజారులో చవకగా అమ్మేవాళ్ళు. నాయన కొన్ని తెచ్చాడు, పొయ్యిలోకే. అమ్మ వాటిలో ఒకటి పక్కకు తీసింది. అడుగున మేకుతో తూట్లు పొడిచి, ఒక్కో తూటు మీద పగిలిన కుండ పెంకు బోర్లించి, మట్టి నింపి, వంటింట్లో డబ్బాలోంచి గుప్పెడు మెంతులు తెచ్చి చల్లింది. నాలుగైదు రోజుల్లో పెట్టె నిండా మొలకలు. మెంతికూర మరీ అంత లోతు అడగదు, ఆరంగుళాల మట్టి చాలు. కొత్తిమీర, పాలకూర కూడా అంతే. మిగతా పెట్టెలు కూడా పొయ్యి తప్పించుకున్నాయి. ‘కట్టెలు తెమ్మంటే తోట తెచ్చినట్టయింది’ అని నాయన నవ్వాడు గానీ, మళ్ళీ బజారుకు పోయినప్పుడు మంచి పెట్టెలు ఏరుకొని మరీ తెచ్చాడు.

మట్టి కోసం కొంత తిప్పలు పడ్డాం. కాలువ పక్కన ఉన్నది చల్క మట్టి, ఎర్రగా, ఇసుక ఇసుకగా. నీళ్ళు పోస్తే నిలవవు. అందుకని నాయన వేసవిలో పానగల్లు చెరువు నుంచి ఒండ్రు మట్టి సిమెంటు సంచిలో నింపి సైకిల్ క్యారియర్ మీద తెచ్చేవాడు. కందూరు చోళుల కాలం నాటి చెరువు అది. ఉదయసముద్రం అంటారు. ఆ నల్లమట్టి బలమైనదే గానీ ఒక్కటే వేస్తే పెట్టెలో పిడచ కట్టేది, ఎండితే బీటలు వారేది, వేరుకు ఊపిరి ఆడదు. చివరికి అమ్మ కుదిర్చిన లెక్క ఇది: చల్క రెండు పాళ్ళు, చెరువు మట్టి ఒక పాలు, బాగా మాగిన పెంట ఎరువు ఒక పాలు, పెట్టెకు రెండు పిడికిళ్ళు వేపపిండి. ఈ లెక్కను ఆమె ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఇప్పటికీ మట్టిని పిడికిట్లో పట్టి పిసికి చూస్తుంది. ముద్దయి, వేలితో తాకితే విడిపోవాలి.

నీళ్ళ దగ్గర మాత్రం అమ్మ ఎవరి మాటా వినేది కాదు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు పల్లె. ఆ దిక్కు నీళ్ళ సంగతి తెలియనివాళ్ళు మా జిల్లాలో ఉండరు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. చిన్నప్పుడు సెలవులకు పోతే, పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసే తాతలు వాడకు ఇద్దరు ముగ్గురు కనిపించేవాళ్ళు. కాళ్ళు వంకరపోయిన పిల్లలు ఉండేవాళ్ళు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. బయటి దేశాల పుస్తకాల్లో కూడా మా ఊరి పేరు అట్లా ఎక్కింది. ఎక్కకపోయినా బాగుండేది.

అట్లాంటి ఊళ్ళో పెరిగిన మనిషికి తాగే నీళ్ళు వేరు, వాడే నీళ్ళు వేరు, వాడిన నీళ్ళు ఇంకా వేరు. ఈ మూడో రకం నీళ్ళు అమ్మ పారబోయగా నేను చూడలేదు. బియ్యం కడిగిన నీళ్ళు టమాటకు, వంకాయకు. కూరగాయలు కడిగినవి ఆకుకూరల పెట్టెలకు. స్నానం నీళ్ళు కాలువ చివర వేసిన అరటికి. సబ్బు నురగ ఉన్న మొదటి నీళ్ళు మాత్రం మొక్కలకు పోనిచ్చేది కాదు, రెండోసారి జాడించినవే వాడేది. అప్పటికి మా వాడలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, వచ్చినా ఎంతసేపు వస్తుందో తెలియదు. బోరు నీళ్ళు పోస్తే కుండీల అంచుల మీద, పెట్టె చెక్కల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. వాన పడ్డ రోజు అమ్మ పెట్టెలన్నీ చూరు నీళ్ళు పడే చోటికి జరిపించేది. ఒక మంచి వాన ఆ ఉప్పంతా అడుగు తూట్ల నుంచి కడిగేస్తుందని ఆమె నమ్మకం. నమ్మకం కాదు, నిజమే.

అయితే ఆ సందులో అసలు కరువు నీళ్ళది కాదు, ఎండది. ఇది మాకు తెలియడానికి ఒక చలికాలం పట్టింది. నల్లగొండ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదికి రాడు, దక్షిణానికి ఒరిగి పోతాడు. ఆరడుగుల గోడ నీడ అప్పుడు ఉత్తరం దిక్కు, అంటే మా దిక్కు, అయిదడుగుల దాకా పడుతుంది. పది అడుగుల పట్టీలో సగం మీద చలికాలమంతా ఎండ పొడ పడదు. అదే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. అప్పుడు ఆ గోడకు మా దిక్కు ఎండ, వాళ్ళ దిక్కు నీడ. అమ్మకు ఈ డిగ్రీలు తెలియవు. ఆమె బొగ్గుముక్క తీసుకొని నెలకోసారి నీడ అంచు ఎక్కడ ఉందో బండల మీద గీత గీసుకునేది. మేం ఆ గీతల మీద తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పొద్దంతా ఒకేచోట నిలబడి ఉంటుంది, సూర్యుడు ఎటు పోయినా కదలదు. శివరాత్రికి పోయినప్పుడు అందరూ దండం పెట్టుకొని ముందుకు జరుగుతుంటే అమ్మ అక్కడే ఆగి, వెనక జనం తోస్తున్నా ఆ నీడనే చూస్తూ నిలబడింది. బయటికి వచ్చాక ‘ఆ కట్టినాయన మన గోడ కట్టినా బాగుండు’ అంది. నాయన నవ్వలేదు, ఆ గోడ మాట వస్తే ఆయన నవ్వడు.

నీడ లెక్క దొరికాక పెట్టెలు ఎక్కడ పెట్టాలో తేలిపోయింది. మా పట్టీకి ఉత్తరం దిక్కున ఉన్న పక్కింటివాళ్ళ గోడ దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది, చలికాలమంతా దానికి ఎండే. టమాట, మిరప, మెంతి, బంతి అక్కడికి. పడమటి గోడ మొదట్లో పొద్దుటి ఎండ వచ్చి మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది. ఎండాకాలం పుదీనా, కొత్తిమీర బతకాలంటే ఆ చోటు తప్ప ఇంకోటి లేదు. మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు పోవడం మాకు కొత్త కాదు. పగలు కాలిన గోడ రాత్రి పన్నెండింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. గోడకు ఆనించిన ఆకు రాత్రి కూడా తేరుకునేది కాదు. అందుకని అమ్మ తడిపిన గోనెసంచులు గోడకు వేలాడదీసేది. అన్ని గోడలకూ ఏటా దసరా ముందు తెల్లసున్నం కొట్టించేది. ఇల్లు బాగుండాలని కాదు. తెల్లగోడ మీద పడ్డ వెలుతురు ఎదుటి గోడ నీడలో ఉన్న మొక్కకు కొంత పోతుంది. బడ్జెట్ లేనప్పుడు ఇంటి ముందు భాగం వదిలేసి సందు గోడలకే కొట్టించిన ఏడు కూడా ఉంది.

మట్టి నిండిన పెట్టెను కాలం మారినప్పుడల్లా ఈ గోడ నుంచి ఆ గోడకు జరపడం ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఘనపుటడుగు తడిమట్టి యాభై కిలోల దాకా తూగుతుంది. నాయన షాపు పక్కన లారీ మెకానిక్ ఉండేవాడు. ఆయన పారేసిన బేరింగులు తెచ్చి చెక్కపలకకు నాలుగు దిక్కులా బిగించి బండి చేశాడు. పెట్టెను కడ్డీతో కొంచెం లేపి ఆ పలక కిందికి తోస్తే చాలు, బండల మీద గరగరమంటూ జరిగేది. పని లేనప్పుడు ఆ బండి మాది. ఒకరం కూర్చుంటే ఒకరం తోసేవాళ్ళం. ఆ చప్పుడుకు గోడ అవతలి నుంచి పెద్దనాయన దగ్గేవాడు. కోపం వచ్చినా మాటలు లేవు కాబట్టి దగ్గడమే ఆయన చేయగలిగింది.

అవును, మాటలు లేవు. గోడ కట్టాక రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నానమ్మ ఒక్కతే నెల మారినప్పుడు ముల్లె చంకలో పెట్టుకొని ముందు వాకిలి నుంచి వాకిలికి పోయేది. మొదటిసారి పెద్దనాయన మా గడప దాకా వచ్చింది కూడా గొడవకే. అమ్మ ఆ గోడకు ఆనించి పొడుగ్గా వరస పెట్టెలు పెట్టింది. రోజూ తడి. అటువైపు ఆయన స్కూటర్ పెట్టుకునే రేకుల షెడ్డులో గోడకు చెమ్మ దిగి ప్లాస్టరింగ్ ఉబ్బింది. ఆయన నాయనతో మాట్లాడకుండా గుమ్మంలో నిలబడి గాలితో చెప్పినట్టు చెప్పాడు: ‘గోడ రెండిళ్ళది. ఒక దిక్కు చెరువు పెట్టుకుంటే ఇంకో దిక్కు కూలుతది.’

మాట కటువే గానీ తప్పు లేదు. నాయన ఆ సాయంత్రమే పెట్టెల కింద ఇటుకలు పేర్చి, గోడకు నాలుగు వేళ్ళ సందు వదిలి ముందుకు జరిపాడు. గోడకు మట్టి తగలకపోతే చెమ్మ దిగదు, అడుగున గాలి ఆడితే చెక్క కూడా త్వరగా కుళ్ళదు. ఇప్పుడు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. కాకపోతే ఆ నాలుగు వేళ్ళ సందులో తేళ్ళు, జెర్రులు చేరేవి. అమ్మ కట్టెపుల్లతో ఊడ్చేది. చెప్పులు లేకుండా అటు పోతే మాకు దెబ్బలు పడేవి.

తీగల కోసం నాయన పనికిరాని రిమ్ములు తెచ్చి గోడకు ఒకదాని మీద ఒకటి వేలాడదీశాడు. ఇటుకల మధ్య సందుల్లో విరిగిన స్పోకులు కొక్కేలుగా దిగ్గొట్టాడు. బచ్చలి ఎర్రకాడ తీగ రిమ్ము చుట్టూ తిరిగి పైకి పోయేది. బచ్చలికి, చిక్కుడుకు తీగే మెలితిరుగుతుంది కాబట్టి ఏది దొరికితే దాన్ని చుట్టుకుంటాయి. బీర, కాకర, దొండ అట్లా కాదు. వాటికి సన్నటి నులితీగలు ఉంటాయి, వాటితో పట్టుకోవాలి. నున్నటి గోడను పట్టుకోలేవు. వాటికి సుతిలి తాడు కట్టాలి. కాడను తాడుకు కట్టడానికి నాయన పాత ట్యూబు వేలెడు వెడల్పు ముక్కలు కోసి ఇచ్చేవాడు. తాడుతో బిగిస్తే కాడ లావెక్కినప్పుడు కోసుకుపోతుంది. రబ్బరు సాగుతుంది. తీగలు కట్టే పని నాది. చేతులకు ట్యూబు నల్లదనం, బచ్చలి పండ్ల ఊదారంగు రెండూ అంటుకొని బడికి పోయేదాన్ని.

ఇక చిక్కుడు. పాతరకం తీగ చిక్కుడు పగలు పొట్టి అయితే తప్ప పూయదు. మృగశిర కార్తెలో వేసినా, శ్రావణంలో వేసినా పూత చలి తిరిగాకే. అమ్మ మృగశిరలో ఆ పంచిన గోడ మొదట్లోనే గింజలు వేసింది. అప్పుడు అక్కడ ఎండ ఉంది కదా. వానాకాలమంతా ఆకు మీద ఆకు, రిమ్ములన్నీ మునిగిపోయాయి. బతుకమ్మ నాటికి తీగ గోడ మీదికి ఎక్కింది. ఆ తర్వాత మా దిక్కు నీడ పడింది. తీగ ఎండ ఉన్న దిక్కు చూసుకుంది. దీపావళి దాటాక చూస్తే మా వైపు ఆకులు పండిపోయి రాలుతున్నాయి, గోడ అవతల పెద్దమ్మ వాళ్ళ దొడ్లో ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా. గింజ మాది, ఎరువు మాది, బియ్యం కడిగిన నీళ్ళు మావి. కాయంతా వాళ్ళది. అమ్మ స్టూలు వేసుకొని గోడ మీంచి చూసి దిగి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

తెంపాలంటే వాళ్ళ దొడ్లోకి పోవాలి. పోవడానికి మాటలు లేవు. వాళ్ళూ తెంపలేదు, మా సొమ్ము ముట్టుకున్నారన్న మాట పడటం ఇష్టం లేక. కాయలు ముదిరి గింజ గట్టిపడుతున్నాయి. అప్పుడు నానమ్మ వంతు మా ఇంట్లో నడుస్తోంది. ఆమె చేతికర్ర పట్టుకొని సందులోకి వచ్చి, గోడకు అటూ ఇటూ అందరికీ వినబడేటట్టు చెప్పింది.

‘అటు కాసింది అటోళ్ళది, ఇటు కాసింది ఇటోళ్ళది. ఇగ ఈ ముచ్చట నా ముందలకు తేకుండ్రి.’

అంతే. పెద్దమనుషులను మళ్ళీ పిలిచే పని లేకపోయింది. మరునాడు అవతల తీగ కదిలిన చప్పుడు, గిన్నెలో కాయలు పడ్డ చప్పుడు మాకు వినిపించింది. నానమ్మ మా ఇంట్లో నెల ముగించుకొని అటు పోతే అక్కడ రోజూ చిక్కుడుకాయ కూరే. ‘తీర్పు చెప్పి నా గొంతుకే తెచ్చుకున్న’ అని వాకిట్లో కూర్చొని అందరికీ చెప్పుకుంది.

మాటలు మొదలైంది మాత్రం కాయలతో కాదు, బూడిదతో. సంక్రాంతి ముందు చిక్కుడు కొసలకు పేనుబంక పట్టింది. నల్లగా గుంపులు గుంపులుగా. దానికి అప్పట్లో అందరికీ తెలిసిన మందు పొయ్యి బూడిద. తెల్లారి మంచు తడి ఆరకముందే చల్లితే ఆకుకు అంటుకుంటుంది. పెద్దమ్మ వాళ్ళకు అప్పటికే గ్యాస్ వచ్చింది. బూడిద ఎక్కడిది? ఒకరోజు పొద్దున్నే గోడ అవతల నుంచి పెద్దమ్మ గొంతు.

‘ఓ చెల్లే, మీ పొయ్యిల బూడిద ఉన్నదా?’

అమ్మ ఊడుస్తున్న చీపురు ఆపింది. కొంచెంసేపు ఏమీ అనలేదు.

‘ఉన్నది అక్కా. ఆగు, జల్లించి ఇస్త.’

పాత పెయింటు డబ్బాలో జల్లించిన బూడిద పోసి నా చేతికిచ్చి స్టూలు ఎక్కించింది. అవతలి నుంచి గాజుల చెయ్యి వచ్చి అందుకుంది. మరునాడు ఆ డబ్బా ఖాళీగా రాలేదు, నిండా చిక్కుడుకాయలు. నువ్వుల పొడి వేసి చేసిన ఆ కూర రుచి ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, గింజలు ముదిరి నములుడు కష్టమైన సంగతి మాత్రం గుర్తుంది. యారాళ్ళిద్దరూ ఆ తర్వాత రోజూ మాట్లాడుకున్నారని అనుకోవద్దు. బూడిద, సుతిలి, నారు, ఎరువు. వీటికి సంబంధించిన మాటలే గోడ దాటేవి. పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాలు దాటడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. అన్నదమ్ములైతే చివరిదాకా పెళ్ళిళ్ళలో, చావుల్లో తప్ప మాట్లాడుకోలేదు.

కానీ లెక్క మాత్రం సమానమైంది, అది కూడా ఎండ వల్లనే. పెద్దమ్మ తన దిక్కు దొండ పెట్టింది. కాసిన తీగ నుంచి పెన్సిలు లావు కొమ్మ కోసి గుచ్చితే దొండ వస్తుంది, గింజతో పని లేదు. వాన పడ్డాక, మృగశిర నాటికి ఆ తీగ గోడ ఎక్కి మా దిక్కు దిగింది. అప్పుడు ఎండ మా దిక్కు కదా. వానాకాలమంతా దొండకాయలు మాకు, చలికాలమంతా చిక్కుడుకాయలు వాళ్ళకు. నానమ్మ తీర్పు ప్రకారం ఎవరూ ఎవరినీ అడగలేదు. అమ్మ మరుసటి ఏడు చిక్కుడు ఉత్తరం గోడకు మార్చుకోవచ్చు, ఆమెకు ఎండ లెక్క అప్పటికే తెలుసు. మార్చలేదు. నేను అడిగితే ‘ఆ గోడకు టమాట ఉంది కద’ అంది.

బీర, సొర మాత్రం మా సందులో సరిగ్గా కాసేవి కావు. పూత ఉండేది, పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయేది. మూడు దిక్కులా గోడలున్న చోటికి పురుగులు తక్కువ వస్తాయి, పైగా ఈ రెండింటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అమ్మకు ఎవరు చెప్పారో గానీ దీపాలు పెట్టే వేళ మగపువ్వు తెంపి, రెక్కలు వలిచి, ఆడపువ్వు నడుమ అద్దేది. ఆడపువ్వుకు అడుగునే చిన్న కాయ ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. కరెంటు పోయిన సాయంత్రాలు నేను టార్చి పట్టుకునేదాన్ని. అట్లా అద్దిన పువ్వుకు ట్యూబు ముక్క గుర్తు కట్టేవాళ్ళం. గుర్తున్నవి నిలిచేవి. గుమ్మడి పువ్వు తెల్లారుజామున విచ్చుకుంటుంది, దానికి తుమ్మెదలే వచ్చేవి, మాతో పని లేదు.

గుమ్మడి తీగ వేసింది కాయల కోసం కాదు, బతుకమ్మ కోసం. తాంబాళంలో అడుగున గుమ్మడి ఆకు పరవాలి, గౌరమ్మకు గుమ్మడి పువ్వు కావాలి. తంగేడు, గునుగు లతీఫ్ సాహెబ్ గుట్ట దిక్కు నుంచి తెచ్చుకునేవాళ్ళం. సీతజడలు, బంతి మాత్రం ఆపిల్ పెట్టెల్లోవే. సద్దుల నాడు మా ఇంటి బతుకమ్మ, పెద్దమ్మ ఇంటి బతుకమ్మ పక్కపక్కన పెడితే రెండింటిలో ఒకే రంగు సీతజడలు ఉండేవి, నారు గోడ మీంచి పోయింది కాబట్టి.

ఆపిల్ పెట్టెలు రెండు వానాకాలాలు దాటేవి కావు. చెదలు పట్టేవి, అడుగు ఊడేది. బయట డాంబరు పూసినా పెద్ద తేడా రాలేదు. ఇంట్లో బండలు మార్చినప్పుడు మిగిలిన షాబాద్ ముక్కలతో మేస్త్రీ చేత పడమటి గోడ మొదట్లో అడుగున్నర ఎత్తు బండ తొట్టి కట్టించుకుంది అమ్మ. అడుగున రాళ్ళు, మీద కంకర, మీద మట్టి. నీళ్ళు పోవడానికి ముందు వైపు పైపు ముక్కలు. ఆ తొట్టిలో వేసిన కల్యామాకు (కరివేపాకు) చెట్టు గోడను దాటి పెరిగింది. వాడలో ఎవరింట్లో తాలింపు పెట్టినా మా గేటు చప్పుడయ్యేది.

నానమ్మ పోయింది. నాయన పోయాడు. సైకిల్ టాక్సీ అంతకు ముందే మూసేశాం, కిరాయికి సైకిళ్ళు అడిగేవాళ్ళు లేక. పెద్దనాయన కొడుకులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. చివరికి రెండు పాలూ ఒకరికే అమ్మేశాం, విడివిడిగా అయితే ఎవరూ కొనలేదు. కొన్నాయన మొదట కూలగొట్టింది ఆ నడుమ గోడనే. జేసీబీ వచ్చిన రోజు మేం పోలేదు. కల్యామాకు చెట్టు అడిగి తెచ్చుకుందామని అమ్మ అంది గానీ అంత పెద్ద చెట్టు లేపితే బతకదు.

ఇప్పుడు అమ్మ మా దగ్గరే, నల్లగొండలోనే హైదరాబాద్ రోడ్డులో మూడో అంతస్తు ఫ్లాటులో. అద్దెకు చూడటానికి పోయినప్పుడు మా ఆయన లిఫ్టు, బోరు, కప్‌బోర్డులు చూస్తుంటే అమ్మ నేరుగా బాల్కనీలోకి పోయి ‘ఇది ఏ దిక్కు?’ అని అడిగింది. దక్షిణం అని తేలాక ఇంక వేరే ఇల్లు చూడనివ్వలేదు. మట్టి బరువు స్లాబు మీద పడుతుందని ఓనర్ టెన్షన్ పడితే మా అబ్బాయి కొబ్బరి పొట్టు తెచ్చి సగానికి సగం కలిపాడు. అమ్మకు దాని మీద నమ్మకం లేదు, పిడికిట్లో పడితే ముద్ద కట్టదు కాబట్టి. అయినా ప్లాస్టిక్ క్రేట్లలో ఎరువుల సంచి పరిచి నింపి, గోడకు నాలుగు వేళ్ళు వదిలి, ఇటుకల మీద పెట్టింది.

పెద్దమ్మ బిడ్డ మిర్యాలగూడలో ఉంటుంది. వాళ్ళమ్మ దొండ తీగ కొమ్మలు తన ఇంట్లో పెట్టుకుంది. నిరుడు తడిగుడ్డలో చుట్టి నాలుగు పంపితే అమ్మ పెయింటు బకెట్లో గుచ్చింది. రెండు బతికాయి. కిందికి పెరిగిన తీగ రెండో అంతస్తు వాళ్ళ గ్రిల్లుకు చుట్టుకుంది. ఆ అమ్మాయి ఒకరోజు పైకి వచ్చింది.

‘ఆంటీ, మీ తీగ మా గ్రిల్లంత పట్టేసింది.’

‘అటు కాసింది మీదే బిడ్డా, తెంపుకో.’

‘కాయలు సరే ఆంటీ, చీమలొస్తున్నయి. కొంచెం తీసేయించండి.’

తీసేశాం. పైకి లాక్కొని మా గ్రిల్లుకే కట్టాలి. మా అబ్బాయి కేబుల్ టైలు తెచ్చాడు, అమ్మ ఒకటి బిగించి చూసి కాడ కోసుకుపోతుందని వాపసు ఇచ్చింది. నేను పాత ట్యూబు కోసం క్లాక్ టవర్ దాకా పోయాను. మొదటి షాపులో ఇప్పుడు బండ్లకు వచ్చేవన్నీ ట్యూబ్‌లెస్ అన్నారు. ఇంకో దాంట్లో మూలకు పడి ఉన్న సైకిల్ ట్యూబు ఊరికే ఇచ్చారు. వేలెడు వెడల్పు ముక్కలు కోస్తే బాల్కనీ మొత్తం కట్టినా ఇంకా సగం మిగిలింది.